ఇళ్లుగా, కోళ్ల గూళ్లుగా మారిన రైలు పెట్టెలు.. మళ్లీ పట్టాలెక్కిస్తున్న వాలంటీర్లు! అసలెలా సాధ్యం?

ఆవిరి ఇంజిన్ కూత వేస్తూ వస్తుంటే అందరి ఫోన్లూ దానివైపే తిరుగుతాయి. పొగ, తిరిగే చక్రాలు, విజిల్.. వీడియోలో అదే హైలైట్. వెనక పెట్టెలు ఫ్రేమ్‌లోకి వచ్చేసరికి సగం మంది రికార్డింగ్ ఆపేస్తారు. కానీ అసలు విషయం ఏంటంటే.. ఆ రైలుకి డబ్బు తెచ్చిపెట్టేది ఇంజిన్ కాదు. వెనకున్న పెట్టెల్లోని సీట్లు. టికెట్ కొన్న మనిషి కూర్చునేది అక్కడే కదా!

మరి వందేళ్లు దాటిన ఆ చెక్క పెట్టెల్ని ఇప్పటికీ నడిచేలా ఎవరు ఉంచుతున్నారు? ఇంగ్లండ్‌లో అయితే ఆ పనిలో పెద్ద భాగం వాలంటీర్లది. అంటే జీతం తీసుకోకుండా, సొంత ఖర్చుతో వచ్చి పనిచేసి వెళ్లేవాళ్లు. బ్రిటన్ మొత్తం మీద ఇలాంటి పాతకాలపు రైల్వేల్లో 20 వేల మందికి పైగా వాలంటీర్లు ఉన్నారు. టికెట్లు అమ్మడం, సిగ్నళ్లు వేయడం, బొగ్గు ఎత్తడం.. అన్నీ చేస్తారు. అందరికంటే తక్కువ కనిపించేది, ఎక్కువ కాలం పట్టేది మాత్రం పెట్టెలు బాగుచేసే పనే.

అందుకు మంచి ఉదాహరణ.. బ్లూబెల్ రైల్వే.

చట్టంలో ఒక్క లైన్.. రైల్వేనే ఆపేసింది

లండన్‌కి దక్షిణంగా ససెక్స్ ప్రాంతంలో ఉంటుందీ రైల్వే. షెఫీల్డ్ పార్క్ నుంచి ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ వరకు సుమారు 11 మైళ్లు, అంటే దాదాపు 18 కిలోమీటర్లు. మధ్యలో హార్‌స్టెడ్ కీన్స్ అనే స్టేషన్ వస్తుంది. 'డౌన్‌టన్ ఆబీ' సిరీస్ చూసినవాళ్లు ఈ స్టేషన్‌ను ఇప్పటికే చూసేశారు. అందులో డౌన్‌టన్ స్టేషన్‌గా చూపించింది దీన్నే. పెట్టెల వర్క్‌షాప్ కూడా ఈ స్టేషన్ పక్కనే ఉంది.

లైన్ కథ కూడా తక్కువేం కాదు. నష్టాలొస్తున్నాయంటూ 1955లో ప్రభుత్వ రైల్వే దీన్ని మూసేసింది. మ్యాడ్జ్ బెస్సెమర్ అనే స్థానిక మహిళ ఊరుకోలేదు. ఉక్కు తయారీలో కొత్త పద్ధతి కనిపెట్టిన హెన్రీ బెస్సెమర్ మనవరాలు ఆమె. లైన్ వేసినప్పటి పాత చట్టాన్ని తిరగేస్తే, రోజుకి నాలుగు రైళ్లు నడపాల్సిందేనన్న షరతు కనిపించింది. దాంతో 1956లో రైళ్లు మళ్లీ నడపక తప్పలేదు. ఆ షరతు తీసేయించుకుని 1958 మార్చిలో ఈసారి నిజంగానే మూసేశారు. మరుసటి ఏడాదే అభిమానులు సొసైటీ పెట్టుకున్నారు. 1960 ఆగస్టు 7న సొంతంగా రైలు నడిపేశారు.

వాలంటీర్లతో రైల్వే నడపాలన్న ఆలోచన అప్పటికి మరీ కొత్తదేం కాదు. 1951లో వేల్స్‌లోని టాలిలిన్ రైల్వే ఆ దారి చూపించింది. పిల్లలు చూసే 'థామస్' ఇంజిన్ కథల రచయిత డబ్ల్యూ. ఆడ్రీ అక్కడ వాలంటీర్‌గా పనిచేశారు. బ్లూబెల్ తొలి ఇంజిన్ 'స్టెప్నీ'ని కూడా ఆయన తన కథల్లోకి తీసుకొచ్చారు. పెట్టెల గురించి ఏ కథలోనూ అంత గొప్పగా చెప్పినట్టు కనిపించదు. పేరంతా ఇంజిన్‌దే!

సముద్రం ఒడ్డున ఇల్లు.. లోపల చూస్తే రైలు

పాత పెట్టెలు ఎక్కడ దొరుకుతాయి? దీనికి జవాబు వింటే ఆశ్చర్యం వేస్తుంది. చాలావరకు ఇళ్లలో, పొలాల్లో, తోటల్లో.

అప్పట్లో రైల్వే కంపెనీలు కాలం చెల్లిన పెట్టెల్ని చవగ్గా అమ్మేసేవి. చక్రాలు, కింద ఉండే ఇనుప చట్రం తుక్కు కింద వెళ్లిపోయేవి. పైనున్న చెక్క గదిని జనం కొనుక్కుని తీసుకెళ్లేవాళ్లు. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో షోరమ్ బీచ్ దగ్గర అలాంటి పెట్టెలతో ఏకంగా ఒక ఊరే వెలిసింది. దాన్ని 'బంగళా టౌన్' అనేవారు. రెండు పెట్టెలు ఎదురెదురుగా పెట్టి, మధ్యలో కప్పు వేస్తే హాలు. కంపార్ట్‌మెంట్లే పడగ్గదులు. పల్లెల్లో అయితే కోళ్ల గూళ్లుగా, పనిముట్లు దాచే కొట్లుగా వాడారు.

మన దగ్గరా ఇప్పుడు కాచిగూడ, గుంటూరు లాంటి స్టేషన్ల దగ్గర పాత కోచ్‌లను రెస్టారెంట్లుగా మార్చారు కదా. అలాంటిదే అనుకోవచ్చు. కాకపోతే అక్కడ వందేళ్ల కిందటే, అవసరం కొద్దీ చేశారు.

విచిత్రం ఏంటంటే, పెట్టెల్ని బతికించింది కూడా ఆ అమ్మకమే. రైల్వే దగ్గర మిగిలినవి 1950లు, 60లలో తుక్కుగా మారిపోయాయి. చెక్కను తగలబెట్టి ఇనుము అమ్ముకున్నారు. ఇళ్లుగా మారిన వాటిపైన మాత్రం ఇంకో కప్పు వేశారు కాబట్టి వాన దిగలేదు. గోడలకు అట్టలు కొట్టారు కాబట్టి లోపలి రంగు, అక్షరాలు దాక్కుని ఉండిపోయాయి. ఇల్లు పడగొట్టేటప్పుడు అట్ట ఊడదీస్తే వెనక 'థర్డ్ క్లాస్' అన్న పాత అక్షరాలు బయటపడతాయి!

ఇంగ్లండ్ దక్షిణాన ఉన్న ఐల్ ఆఫ్ వైట్ దీవిలోనూ ఒక పాతకాలపు రైల్వే ఉంది. అక్కడ ఇప్పుడు తిరుగుతున్న పెట్టెల్లో కొన్ని ఒకప్పుడు సెలవుల్లో గడిపే కాటేజీలుగా ఉన్నవే.

ఒక్కటే చిక్కు. గది ఉంటుంది, చక్రాలుండవు. అందుకే వాలంటీర్లు తర్వాతి కాలంలో పార్శిళ్లు మోసిన వ్యాన్‌ని ఇంకోచోట వెతికి పట్టుకుంటారు. దాని చట్రాన్ని పొడవు సరిచేసి, పాత గదిని దానిమీద కూర్చోబెడతారు. చూసేవాళ్లకి తేడా తెలీదు. తెలిసినవాళ్లు మాత్రం చక్రాలు చూసి ఇట్టే చెప్పేస్తారు.

లండన్ సొరంగాల్లో టేకు పెట్టెలు

మన ఊళ్లలో పాత ఇల్లు చూపిస్తూ పెద్దవాళ్లు గర్వంగా చెప్పే మాట ఒకటుంది.. "ద్వారబంధం బర్మా టేకు" అని. అదే టేకు అప్పట్లో రంగూన్, మౌల్మెయిన్ రేవుల నుంచి ఓడలెక్కి బ్రిటన్‌కీ వెళ్లేది. చెదలు ముట్టదు, వానకి ఉబ్బదు. రైలు పెట్టెలు చేసేవాళ్లకి అంతకంటే ఏం కావాలి?

బ్లూబెల్ దగ్గర అలాంటి టేకు పెట్టెలు నాలుగున్నాయి. 1898 నుంచి 1900 మధ్య లండన్ మెట్రోపాలిటన్ రైల్వే కోసం తయారైనవి. ప్రపంచంలో తొలి భూగర్భ రైలు నడిపింది ఈ కంపెనీయే, 1863లో. ఈ పెట్టెల తలుపుల పైభాగం గుండ్రంగా ఉంటుంది. అది అందం కోసం కాదు. సొరంగంలో పొరపాటున తలుపు తెరుచుకుంటే మూల వెళ్లి గోడకి కొట్టుకోకుండా అలా చేశారు.

మొదట ఆవిరి ఇంజిన్ వెనక తిరిగాయి. మధ్యలో కరెంటు రైలుగా మార్చారు. తర్వాత చెషమ్ అనే చిన్న బ్రాంచి లైన్ కోసం మళ్లీ ఆవిరి ఇంజిన్ వెనక కట్టారు. 1960 వరకు అక్కడే పనిచేశాయి. మరుసటి ఏడాది బ్లూబెల్ కొనేసింది.

కొన్నాక ఏమైంది? కొన్నేళ్లు వాడారు, పాడయ్యాయి, పక్కన పెట్టారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి పని జరిగింది. పైన పూసిన రంగుల పొరలన్నీ తీసేసి, టేకుని మళ్లీ బయటికి తెచ్చి వార్నిష్ పట్టించారు. 2013 జనవరిలో లండన్ భూగర్భ రైలుకి 150 ఏళ్లు నిండినప్పుడు, ఈ పెట్టెలే మళ్లీ సొరంగాల్లోకి వెళ్లాయి. ముందు ఆవిరి ఇంజిన్, వెనక మెరిసే టేకు పెట్టెలు, ప్లాట్‌ఫామ్ మీద ఫోన్లు పట్టుకున్న జనం.. ఆ వీడియోలు ఇప్పటికీ ఆన్‌లైన్‌లో తిరుగుతూనే ఉన్నాయి.

ఇంతకీ పని ఎలా మొదలవుతుంది?

రంపం పట్టుకోవడంతో కాదు. కెమెరా, నోట్‌బుక్‌తో.

పెట్టెని షెడ్డులోకి తెచ్చాక ముందు ప్రతి అంగుళం ఫొటో తీస్తారు. ఊడదీసే ప్రతి చెక్కకీ, ప్రతి కమ్మీకీ నంబర్ వేస్తారు. ఏది ఎక్కడి నుంచి తీశారో రాసుకోకపోతే, మళ్లీ బిగించే రోజుకి తీసినాయన ఉంటాడో లేడో తెలీదు. ఇది మాటవరసకి అంటున్నది కాదు. ఒక పెట్టె పూర్తవడానికి పదేళ్లు పట్టడం ఇక్కడ మామూలే. మొదలుపెట్టినవాళ్లలో అందరూ చివరిదాకా ఉండరు.

తర్వాత రంగు పొరలు. ఒక మూల చిన్న గుండ్రటి చోటు ఎంచుకుని, శాండ్‌పేపర్‌తో మెల్లగా రుద్దుకుంటూ వెళ్తారు. పొర కింద పొర బయటపడుతుంది. ఏ కాలంలో ఏ కంపెనీ ఏ రంగు వేసిందో అక్కడే చదవొచ్చు. పాత రంగుల్లో సీసం ఉంటుంది కాబట్టి మాస్క్, గ్లవ్స్ లేకుండా ఎవరినీ ముట్టుకోనివ్వరు. 1950ల నాటి ఉక్కు పెట్టెలైతే ఇంకో ప్రమాదం. వేడి, చప్పుడు లోపలికి రాకుండా వాటి గోడల్లో ఆస్బెస్టాస్ చల్లేవారు. దాన్ని తీయడం వాలంటీర్ల పని కాదు. లైసెన్స్ ఉన్న సంస్థలే చేయాలి, బిల్లు కూడా గట్టిగానే వస్తుంది.

ఆ తర్వాత అసలు పని.. చెక్క చట్రం. పైకి బాగానే కనిపిస్తుంది. తలుపు కింద, కిటికీ అడుగున, కప్పు కలిసే చోట మాత్రం నీరు దిగి మెత్తబడిపోయి ఉంటుంది. వేలుతో నొక్కితే పొడి రాలుతుంది. అక్కడ మొత్తం దుంగని మార్చేయరు. పుచ్చిపోయిన ముక్క వరకే కోసి, మంచి చెక్కని ఏటవాలుగా అతికి బిగిస్తారు. ఒక చెక్క చివరని నాలుకలా చెక్కి, రెండో చెక్కలోని తొర్రలో దిగ్గొట్టే పద్ధతే ఎక్కువ. మన వడ్రంగులు తలుపు చట్రం బిగించే తీరు చూసినవాళ్లకి ఇది కొత్తేం కాదు. తేడా ఒక్కటే. ఇంటి తలుపు కదలకుండా ఉండాలి. రైలు పెట్టె మాత్రం పట్టాలమీద ఊగుతూ, మెలికలు తిరుగుతూ కూడా అతుకు వదలకూడదు.

కప్పు పని మరీ ప్రత్యేకం. పలకలు పరిచి, వాటిమీద చిక్కటి రంగు పట్టించి, అది తడిగా ఉండగానే మందపాటి కాన్వాస్ గుడ్డ పరిచి లాగుతారు. గుడ్డమీద మళ్లీ రంగు. ఎక్కడైనా ముడత మిగిలితే, ఆ ముడతలోంచే నీరు దిగుతుంది. అందుకే గుడ్డ లాగే రోజు చేతులు ఎన్ని ఉంటే అంత మంచిది.

ఇక పెయింటింగ్. ప్రైమర్, లప్పం, మళ్లీ రుద్దడం, అండర్ కోట్, మళ్లీ రుద్దడం, పైరంగు, దానిమీద వార్నిష్ పొరలు. మొత్తం పది పన్నెండు పొరలు దాటిపోవచ్చు. ప్రతి పొర ఆరాలి. షెడ్డులో దుమ్ము లేవకూడదు. కంపెనీ పేరు, నంబర్లు బంగారు రేకుతో చేత్తోనే రాస్తారు. కంప్యూటర్ స్టిక్కర్ అంటిస్తే అరగంటలో అయిపోయే పని అది. కానీ దగ్గరికెళ్లి చూస్తే చేత్తో రాసిన అక్షరానికి నీడ వేరు, మెరుపు వేరు.

లోపల సీట్లకి స్ప్రింగులు, వాటిపైన గుర్రపు వెంట్రుకలు, ఆ పైన దళసరి ఉన్ని గుడ్డ. పాత డిజైన్ గుడ్డ ఇప్పుడు బజార్లో దొరకదు. మిల్లుకి చెప్పి నేయించాలి. పది మీటర్లు కావాలంటే ఎవరూ నేయరు కాబట్టి, ఒకేసారి ఎక్కువ నేయించి పెట్టుకోవాలి. కిటికీ అద్దాన్ని పైకీ కిందకీ జరపడానికి తోలు పట్టీ ఉంటుంది, దానికి వరసగా చిల్లులు. అప్పట్లో ఈ పట్టీలు తరచూ మాయమయ్యేవట. గడ్డం కత్తికి పదును పెట్టుకోవడానికి బాగుంటాయని కోసుకుపోయేవాళ్లని చెబుతారు!

ఎవరీ వాలంటీర్లు?

వడ్రంగులు, మెకానిక్‌లే వస్తారనుకుంటే పొరపాటే. బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైనవాళ్లు, టీచర్లు, ఇంజినీర్లు, ఐటీవాళ్లు.. వారానికి ఒకటి రెండు రోజులు వచ్చి పనిచేసేవాళ్లే ఎక్కువ. జీతం తీసుకునే నిపుణులు కొద్దిమంది ఉంటారు. చక్రాలు, బ్రేకులు, ఇరుసుల్లాంటి ప్రాణం మీదికొచ్చే పనుల బాధ్యత వాళ్ల మీద ఉంటుంది. మిగతావాళ్లు వాళ్ల దగ్గరే నేర్చుకుంటారు.

కొత్తవాళ్ల చేతికి తొలిరోజే ఉలి ఇవ్వరు. శాండ్‌పేపర్ ఇస్తారు. ఇత్తడి గొళ్లేలు తోమమంటారు. టీ టైమ్‌లో పక్కవాళ్ల మాటలు వినాలి. పాఠాలు చాలావరకు అక్కడే దొరుకుతాయి. చెక్కకి రేఖ ఎటుపోతుందో చూసి చిత్రిక పట్టడం, వార్నిష్ ఏ వాతావరణంలో వేయకూడదో తెలియడం.. ఇవి పుస్తకంలో చదివితే వచ్చేవి కావు.

చక్రాలు కూడా చెక్కవే!

నమ్మలేకపోయినా ఇది నిజం. విక్టోరియా రాణి కాలంలో బ్రిటన్ పెట్టెలకి చాలా ఏళ్లు 'మాన్సెల్ చక్రాలు' వాడారు. యాష్‌ఫర్డ్ వర్క్‌షాప్‌లో పెట్టెల విభాగం చూసిన రిచర్డ్ మాన్సెల్ వీటిని తయారుచేశారు. మధ్యలో 16 టేకు ముక్కలు, పుల్లట్టు ముక్కల్లా కోసినవి, చుట్టూ ఇనుప పట్టా. మన ఎడ్లబండి చక్రానికి దూరపు చుట్టం అనుకోవచ్చు.

చెక్క చక్రం ప్రమాదం కదా అనిపిస్తుంది. అప్పట్లో పరిస్థితి రివర్స్. 1874 క్రిస్మస్ ముందు రోజు ఆక్స్‌ఫర్డ్ దగ్గర షిప్టన్‌లో ఒక పెట్టె చక్రానికి ఇనుప పట్టా విరిగి, రైలు పడిపోయి 34 మంది చనిపోయారు. మాన్సెల్ చక్రంలో పట్టా విరిగినా ఊడి ఎగిరిపోదు, చెక్కకి పట్టుకుని ఉంటుంది. ఆ రోజుల్లో అదే సేఫ్టీ. చప్పుడు కూడా తక్కువే.

చెక్క పెట్టెలకి అసలు శత్రువు మంట. 1915 మేలో స్కాట్లండ్‌లోని క్వింటిన్స్‌హిల్ దగ్గర సైనికుల రైలు ఢీకొంది. పాత చెక్క పెట్టెలు, వాటిలో దీపాలకి గ్యాస్. మంటలంటుకుని 200 మందికి పైగా చనిపోయారు. బ్రిటన్ రైల్వే చరిత్రలో ఇంతకంటే ఘోరం ఇంకోటి జరగలేదు. తర్వాతి దశాబ్దాల్లో గ్యాస్ దీపాలు పోయాయి, ఉక్కు పెట్టెలు వచ్చాయి. చెక్క పెట్టె ఎంత ముద్దుగా కనిపించినా, ఈ సంగతి పక్కన పెట్టి మాట్లాడలేం.

మరి ఇప్పుడు ఎక్కితే సేఫేనా?

పాతకాలపు రైల్వేలు సాధారణంగా గంటకి 25 మైళ్లు, అంటే 40 కిలోమీటర్లు దాటవు. వేగం తక్కువ, గ్యాస్ దీపాలుండవు, చక్రాలకి పగుళ్లున్నాయేమో పరికరాలతో పరీక్షిస్తారు. ఈ వేగానికి లోబడి నడిచేవాటికి నిబంధనల్లో కొంత సడలింపు కూడా ఉంది.

సడలింపు లేని చోట ఏమవుతుందో 'జాకబైట్' రైలు చూపించింది. స్కాట్లండ్‌లో హ్యారీ పోటర్ సినిమాలోని వంతెన మీదుగా వెళ్లే టూరిస్ట్ రైలు ఇది. నడిచేది మెయిన్ లైన్ మీద. పాత పెట్టెల తలుపులకి అన్నీ ఒకేసారి లాక్ అయ్యే సిస్టమ్ ఉండాల్సిందేనని రైలు భద్రతా సంస్థ చెప్పింది. దాన్ని సవాలు చేసిన నిర్వహణ కంపెనీ హైకోర్టులో 2023 డిసెంబర్‌లో ఓడిపోయింది. దాంతో 2024 సీజన్ మొదట్లో రైలు ఆగింది. తర్వాత తాత్కాలిక అనుమతితో కదిలింది. అభిమానులు నిబంధనల మీద మండిపడ్డారు కానీ, నడుస్తున్న రైల్లో తలుపు తెరుచుకోవడం అంటే ఏంటో మన ప్యాసింజర్ రైళ్లు ఎక్కినవాళ్లకి చెప్పక్కర్లేదు.

సగం చెక్క మార్చాక అది పాత పెట్టేనా?

వర్క్‌షాపుల్లో ఎప్పటికీ తెగని చర్చ ఇది. ముక్కలు మార్చుకుంటూ పోతే చివరికి మిగిలేది ఎంత? తాతల నాటి మండువా లోగిలికి దూలాలు మార్చి, పెంకులు మార్చి, గచ్చు మళ్లీ వేయిస్తే, అది ఇంకా తాత కట్టిన ఇల్లేనా? ఉంటున్నవాళ్లు అవుననే అంటారు.

మ్యూజియం వాళ్ల పద్ధతి వేరు. ఉన్నది ఉన్నట్టు కాపాడు, ముట్టుకోకు అంటారు. ఢిల్లీ జాతీయ రైలు మ్యూజియంలో 1875 నాటి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ సెలూన్, 1899 నాటి మైసూరు మహారాజా సెలూన్ అలాగే ఉన్నాయి. చూడొచ్చు, ఎక్కి ప్రయాణం చేయలేం. మన దగ్గర నీలగిరి, డార్జిలింగ్ కొండ రైళ్లు ఇంకా నడుస్తున్నా, వాటిని చూసుకునేది జీతం తీసుకునే రైల్వే సిబ్బందే. సామాన్య జనం వెళ్లి పెట్టె బాగుచేసే అలవాటు ఇక్కడ లేదు.

బ్లూబెల్ లాంటి చోట పెట్టె నడవాలి. నడవాలంటే అరిగినదాన్ని మార్చాలి. అందుకే వాళ్లు ఏది ఎప్పుడు మార్చారో రికార్డు రాస్తారు, తీసేసిన పాత ముక్కల్లో ముఖ్యమైనవి దాస్తారు. నడిచే పెట్టెలో కూర్చున్న పిల్లాడికి తోలు పట్టీ లాగితే కిటికీ దిగుతుందని తెలుస్తుంది. గాజు వెనక నిలబెట్టిన పెట్టె ఆ పని చేయలేదు. ఈ విషయంలో వర్క్‌షాప్ వాళ్ల వాదనే గట్టిది.

డబ్బు సరే.. చేతులేవి?

బాగుచేసిన పెట్టెని వానలో నిలబెడితే పదేళ్ల శ్రమ కొన్నేళ్లకే పాడవుతుంది. అందుకే హార్‌స్టెడ్ కీన్స్‌లో పెట్టెలు నిలపడానికి పెద్ద షెడ్డు కట్టారు. లాటరీ డబ్బుతో నడిచే జాతీయ వారసత్వ నిధి, అభిమానుల విరాళాలు అందుకు సాయం చేశాయి. కరోనా వచ్చిన 2020లో రైళ్లు ఆగి, టికెట్ డబ్బు ఆగిపోయినప్పుడు కూడా విరాళాల మీదే ఇలాంటి రైల్వేలు నెట్టుకొచ్చాయి.

డబ్బు ఎలాగోలా పుడుతుంది. పుట్టనిది పని తెలిసిన మనిషి. వాలంటీర్లలో ఎక్కువమంది రిటైరైనవాళ్లు. చెక్క పెట్టెలు చేసిన అసలు ఫ్యాక్టరీల్లో పనిచేసిన తరం దాదాపు లేదు. వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లే ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు.

మరి కుర్రాళ్లని తీసుకోవచ్చు కదా? ఇక్కడే ఒక పాత చట్టం అడ్డొచ్చింది. ఫ్యాక్టరీలు, గనులు, రైల్వేల్లో పిల్లల చేత పనిచేయించకూడదని 1920లో బ్రిటన్ చట్టం చేసింది. అప్పటి పరిస్థితికి అది మంచి చట్టమే. కానీ బడి వయసు పిల్లలు సరదాగా, జీతం లేకుండా చేసే పనికి కూడా వర్తిస్తుందని న్యాయ సలహా రావడంతో, పాతకాలపు రైల్వేలు ఇరుకున పడ్డాయి. దీన్ని సవరించాలంటూ ఎగువసభ సభ్యుడు లార్డ్ ఫాక్‌నర్ బిల్లు కూడా తెచ్చారు. పద్నాలుగేళ్ల వయసులో ఇత్తడి తోమడానికి వచ్చినవాడే ముప్పయ్యేళ్లకి పెట్టె చట్రం చేతబట్టే మనిషి అవుతాడన్నది ఈ రైల్వేల వాదన.

కొన్ని రైల్వేలు అప్రెంటిస్‌లని జీతమిచ్చి తీసుకుంటున్నాయి. ఇంకొన్ని వారాంతాల్లో కుర్రాళ్ల బ్యాచ్‌లు పెట్టి, పెద్దవాళ్ల పక్కన కూర్చోబెడుతున్నాయి. ఈలోగా షెడ్డు బయట టార్పాలిన్ కప్పుకుని తమ వంతు కోసం నిలబడ్డ పెట్టెలూ ఉన్నాయి. కొన్నింటికి చక్రాలున్నాయి, తలుపుల్లేవు. ఇంకొన్నింటికి తలుపులన్నీ ఉన్నాయి, చక్రాలే ఇంకా దొరకలేదు.